మొవ్వ పక్కన ఓడరేవు, మెకాంగ్ ఒడ్డున ఎముక

మొవ్వ అనగానే గోపాలుడే గుర్తొస్తాడు. క్షేత్రయ్య పదాల్లో ముద్రగా నిలిచిపోయిన ఆ వేణుగోపాలుడి గుడి ఊళ్లోనే ఉంది. కూతవేటు దూరంలో కూచిపూడి. పాటకూ ఆటకూ పెట్టింది పేరైన నేల కాబట్టి ఇక్కడికొచ్చిన పాత్రికేయులు ఆ రెండింటితోనే సరిపెట్టుకుని వెళ్లిపోతుంటారు. ఈసారి మాత్రం చల్లపల్లి వైపు సాగి, మినుము చేలూ వరి మళ్లూ దాటి ఘంటసాలలో దిగుదాం. ఈ పేరు వింటే గాయకుడు గుర్తుకు రావడం సహజం. ఆయన పుట్టింది గుడివాడ దగ్గర చౌటపల్లిలో, ఇంటిపేరు మాత్రం ఈ ఊరి పేరే.

ఊళ్లో ఒక బౌద్ధ స్తూపం దిబ్బ ఉంది. 1890లలో అలెగ్జాండర్ రే అనే బ్రిటిష్ పురావస్తు అధికారి దాన్ని తవ్వించాడు. లోపల ఇటుక గోడలు ఇరుసు, ఆకులు, అంచు ఉన్న చక్రం ఆకారంలో బయటపడ్డాయి. ఆకుల మధ్య ఖాళీలను మట్టితో నింపారు. డెల్టాలో రాయి దొరకదు. అందుకే లోపలంతా ఇటుక, పైన చెక్కుడు పనికి మాత్రం ఎగువ నుంచి తెచ్చిన సున్నపురాయి. అలా చెక్కిన పలకల్లో కొన్ని ఇప్పుడు పారిస్‌లోని గిమే మ్యూజియంలో ఉన్నాయి. మిగిలినవి చూడాలంటే ఊళ్లోని మ్యూజియానికే వెళ్లాలి. ఆదివారం బందరు బీచికి పోయేవాళ్లలో నూటికి ఒక్కరైనా అటు తిరుగుతారా అంటే నాకు నమ్మకం లేదు.

ఇక్కడి రాళ్లలో నా మనసు పట్టేసింది బొమ్మలు కాదు, ఒక పేరు. ఘంటసాలలో దొరికిన ప్రాకృత శాసనాల్లో ఒకదానిలో ‘మహానావిక శివకుడు’ కనిపిస్తాడు. మహానావికుడంటే పెద్ద ఓడ నడిపించేవాడు. పంటకాలువల నడుమ, చేల గట్ల మీద తాటిచెట్లు తప్ప తెరచాప ఆనవాలే లేని ఊళ్లో సముద్రం మీద బతికిన మనిషి పేరు రాతిలో ఉంది. ఇప్పుడు సముద్రం ఇక్కడికి ఇరవై కిలోమీటర్లకు పైనే. కృష్ణ ఏటేటా తెచ్చి పోసిన ఒండ్రుతో తీరం జరుగుతూ పోయింది. పులిగడ్డ దగ్గర నది చీలి దివిసీమను పోగేసింది కూడా ఈ ఒండ్రుతోనే. శివకుడి రోజుల్లో ఉప్పునీరు ఊరికి ఇంకా దగ్గర్లో ఉండేది. ఊళ్లోని శివాలయంలో దేవుడి పేరు నేటికీ జలధీశ్వరుడే.

క్రీ.శ. 150 ప్రాంతంలో అలెగ్జాండ్రియాలో కూర్చుని ప్రపంచ భూగోళం రాసిన టాలెమీకి ఈ ఊరు తెలుసు. తూర్పు తీరంలో ‘మైసోలియా’ అనే ప్రాంతం కింద ‘కొంటకొస్సిల’ అనే వర్తక కేంద్రాన్ని పేర్కొన్నాడు. అది ఘంటసాలే అని చరిత్రకారులు చాలామంది ఒప్పుకున్నారు. దాని తర్వాత ‘కొద్దూర’ అన్నాడు. అది బందరు దారిలోని గూడూరు అంటారు. ఆ వరుసలోనే కొంచెం పైకి వెళ్లాక ఇంకో ముక్క రాశాడు: బంగారు ద్వీపకల్పానికి, అంటే ఇప్పటి మలయా వైపుకు, వెళ్లే ఓడలు తీరం వదిలి నడిసముద్రంలోకి మళ్లే చోటు ఇదీ అని. ఆ చోటు కచ్చితంగా ఎక్కడన్నది పండితుల మధ్య ఇంకా తెగలేదు. కృష్ణ ముఖద్వారానికి ఉత్తరంగా, ఈ తీరంలోనే అన్నదాంట్లో మాత్రం పేచీ లేదు.

నాగార్జునకొండలో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలోనూ ఈ ఊరు కంటకసోల పేరుతో ఉంది. ఆ కంటకసోలలోని మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర రాతి మండపం కట్టించానని ఆవిడ చెప్పుకుంది. అదే శాసనంలో కశ్మీరం, గాంధారం, చీనా, వంగ, తామ్రపర్ణి ద్వీపం పేర్లు వరసగా వస్తాయి. మూడో శతాబ్దంలో ఒక కృష్ణాతీరపు గృహిణికి లోకం అంత పెద్దది. శాతవాహన నాణేల మీద రెండు కొయ్యల ఓడ బొమ్మ ఊరికే ఎక్కలేదు.

ఎముక నిలవని నేల

ఓడెక్కిన శివకుడి తోటివాళ్లు ఎవరు? ఎక్కడికి వెళ్లారు? తిరిగొచ్చారా? నాణెం, శాసనం, కుండపెంకు ఈ ప్రశ్నలకు కొంత దూరమే తోడొస్తాయి. పెంకు తనను మోసిన ఓడ సంగతి చెప్తుంది కానీ ఆ ఓడలో ఎవరున్నారో చెప్పదు. మనిషి సంగతి తెలియాలంటే మనిషే దొరకాలి. గత పదిహేనేళ్లుగా విశ్వవిద్యాలయాల ప్రయోగశాలలు చేస్తున్న పని అదే. పాత ఎముకను పొడి చేసి, అందులో మిగిలిన డీఎన్‌ఏను చదువుతున్నాయి. ఈ విద్యకు బాట వేసిన స్వాంటే పాబోకు 2022లో నోబెల్ ఇచ్చారు.

ఈ పనికి అన్ని ఎముకలూ పనికిరావు. చెవి లోపల, వినికిడి భాగాలను చుట్టుకుని ఉండే చిన్న ఎముక భాగం శరీరంలోని ఎముకలన్నిటిలో అతి దట్టమైనది. దాని తర్వాత పనికొచ్చేవి పళ్లు. పరిశోధకులు ముఖానికి ముసుగు, ఒంటి నిండా సూటు, చేతికి రెండేసి గ్లౌజులు వేసుకుని, గాలిని కూడా వడగట్టిన గదిలో, ఆ ఎముకలోంచి చిటికెడు పొడి తీస్తారు. ఒక్క తుమ్ము చాలు, రెండు వేల ఏళ్ల నాటి మనిషి స్థానంలో తుమ్మినాయన వంశవృక్షం వచ్చి కూర్చుంటుంది. ఆ పొడిలో డీఎన్‌ఏ పొడవాటి పోగుగా ఉండదు, తునాతునకలై ఉంటుంది. ఆ తునకల కొసల్లో ఒక రకమైన రసాయన మార్పు కనిపిస్తుంది. అది కాలం పెట్టిన చెదలు. ఆ చెదలు ఉంటేనే పాత సరుకని నమ్ముతారు. లేకపోతే ఎవరో ఈమధ్య ముట్టుకున్నారని పక్కన పెట్టేస్తారు.

డీఎన్‌ఏకు వేడి పడదు, తడి పడదు. అన్నిటికంటే పడనిది తడిసి ఎండి మళ్లీ తడవడం. ఇక కృష్ణా డెల్టా సంగతి చెప్పేదేముంది! ఆగస్టులో మోకాలి లోతు నీళ్లు, మేలో కాలు దూరేంత బీటలు, రెంటికీ నడుమ మినుము పైరు. నాలుగడుగులు తవ్వితే నీళ్లు. దీనికి తోడు ఉప్పెనలు. 1864లో బందరును, 1977 నవంబరులో దివిసీమను సముద్రం ఎలా ఊడ్చిపెట్టిందో ఇక్కడి ఇళ్లల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇలాంటి నేలలో రెండు వేల ఏళ్ల ఎముక దొరకడమే అరుదు. దొరికినా అందులో చదవదగింది మిగలడం ఇంకా అరుదు. ఎండిన నేల అనుకునే హర్యానాలోని రాఖీగఢీలోనే 61 నమూనాలు పరీక్షిస్తే ఒక్క స్త్రీ అస్థిక మాత్రమే ఫలితమిచ్చింది. సింధు నాగరికత మనిషి జన్యువును మొదటిసారి చదివిన ఆ పరిశోధన 2019లో ‘సెల్’ పత్రికలో వచ్చింది. హిమాలయాల్లో రూప్‌కుండ్ సరస్సు దగ్గర పరిస్థితి వేరు. అక్కడ మంచు కాపలా కాసింది. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధనాసంస్థ శాస్త్రవేత్తల భాగస్వామ్యంతో 38 మంది ఎముకలు చదివితే, వాళ్లలో 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతం వాళ్లని తేలింది. హిమాలయాల్లో ఆ సరస్సు ఒడ్డుకు వాళ్లెందుకు వచ్చారన్నది ఇప్పటికీ ఎవరికీ అంతుపట్టలేదు.

కృష్ణా డెల్టాలో ప్రాచీన ఎముక అసలు దొరకలేదా అంటే, ఒకటి దొరికింది. నది అవతల భట్టిప్రోలు స్తూపంలో, 1892లో, అదే అలెగ్జాండర్ రేకు. రాతి కరండం లోపల స్ఫటిక భరిణె, అందులో ధాతువు. బుద్ధుడి అస్థికగా పూజలందుకున్న ఆ శేషం తర్వాత కలకత్తాలోని మహాబోధి సొసైటీ విహారానికి చేరింది. శాస్త్రం ఎంత ముందుకెళ్లినా దాన్ని డ్రిల్లు కిందకు తెమ్మని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. అన్ని ప్రశ్నలూ ప్రయోగశాలకే వెళ్లాలనే పట్టుదల నాకు లేదు.

అవతలి డెల్టా

ఇక్కడ దొరకనిది అక్కడ దొరికింది. కంబోడియాలో మెకాంగ్ డెల్టా అంచున ఆంకోర్ బొరేయ్ అనే ఊరుంది. ఆంకోర్‌వాట్‌కు దక్షిణంగా చాలా దూరం, దానికంటే వెయ్యేళ్లు పాతది. చైనా రాతల్లో ఫునాన్ అని కనిపించే తొలి రాజ్యానికి అదొక ముఖ్య పట్టణం. హవాయి విశ్వవిద్యాలయానికి చెందిన మిరియం స్టార్క్ బృందం అక్కడి వాత్ కొమ్నౌ శ్మశానాన్ని తవ్వింది. అక్కడ పాతిపెట్టిన ఒకరి అస్థికలోని డీఎన్‌ఏను చెక్ దేశంలోని ఒస్ట్రావా విశ్వవిద్యాలయ పరిశోధకులు పియా చంగ్మాయ్, పావెల్ ఫ్లెగోంతోవ్, హార్వర్డ్‌కు చెందిన డేవిడ్ రైక్ తదితరులు విశ్లేషించారు. 2022లో ‘సైంటిఫిక్ రిపోర్ట్స్’ పత్రికలో ఫలితం వచ్చింది. ఆ మనిషి జన్యు వారసత్వంలో దాదాపు 40 నుంచి 50 శాతం దక్షిణాసియాది. ఇప్పుడున్న జనాల్లో దానికి దగ్గరగా సరిపోయేవాళ్లు దక్షిణ భారతంలో ఉన్నారు. ఎముకకు నేరుగా చేసిన రేడియోకార్బన్ పరీక్షలో వచ్చిన కాలం క్రీ.శ. 78 నుంచి 234.

మన ఓడలు నడిసముద్రంలోకి మళ్లే చోటును టాలెమీ రాసుకున్న 150 సరిగ్గా ఈ రెండు అంకెల నడుమ పడుతుంది. శివకుడి శాసనం కూడా దాదాపు ఆ రోజులదే.

అంతకుముందు ఆగ్నేయాసియా జనాల రక్తం పరీక్షించి, భారతీయుల కలయిక చాలా ఆలస్యంగా జరిగిందని లెక్కలు వేశారు. ఈ ఒక్క ఎముక ఆ లెక్కను సుమారు వెయ్యేళ్లు వెనక్కి నెట్టింది. కలయిక పదేపదే జరిగితే బతికున్నవాళ్ల జన్యువుల్లో చివరి అల గుర్తే గట్టిగా కనబడుతుంది, మొదటి అల దాని కింద మునిగిపోతుంది. మొదటి అల కావాలంటే ఆ కాలపు మనిషే కావాలి.

ఆంకోర్ బొరేయ్ నుంచి ఒక పాత కాలువ సముద్రం దిక్కుగా ఒక్ ఎయో అనే రేవు పట్టణానికి పోతుంది. ఒక్ ఎయో ఇప్పుడు వియత్నాంలో ఉంది. అక్కడ రోమన్ చక్రవర్తి ఆంటోనినస్ పయస్ బొమ్మ ఉన్న బంగారు పతకం దొరికింది. నాకు మాత్రం అక్కడి తవ్వకాల్లో బయటపడ్డ ఒక సన్నికల్లు సంగతే ఎక్కువ ఇష్టం. దాని గరుకుల్లో రెండు వేల ఏళ్లుగా ఇరుక్కుపోయిన పిండిరేణువులను సూక్ష్మదర్శినిలో చూస్తే పసుపు, అల్లం, లవంగం, జాజికాయ, దాల్చినచెక్క గుర్తుపట్టారు. 2023లో ‘సైన్స్ అడ్వాన్సెస్’లో వచ్చిన వివరం ఇది. రాతి పలకా, పైన దొర్లించే రాయీ మన వంటిళ్లలో మిక్సీలు రాకముందు ఉన్న సరంజామా లాంటివే. మసాలా నూరే పద్ధతి రాయి ఒక్కటే ఓడెక్కితే రాదు. నూరడం తెలిసిన చేతులు కూడా వెళ్లి ఉండాలి. ఆ ఎముక ఈ ఊహకు బలాన్నిస్తోంది.

మనవాడేనా?

ఇంకేం, ఆంకోర్ బొరేయ్ మనిషి మన ఘంటసాల వాడే అని ఫ్లెక్సీ కట్టేయడానికి ఒక్క అడుగే మిగిలింది. ఆ అడుగు వేయడానికి నేను సిద్ధంగా లేను. దక్షిణ భారతం అన్నంతవరకే ఆ పరిశోధన చెప్పింది. కావేరీపూంపట్టణం నుంచి, అరికమేడు నుంచి కూడా ఓడలు వెళ్లాయి.  కృష్ణా తీరం అని తేల్చాలంటే పోల్చి చూడ్డానికి ఆ కాలపు కృష్ణా తీరపు ఎముక కావాలి, అది మన దగ్గర లేదు. పైగా ఇది ఒక్క మనిషి సంగతి. సగానికి దగ్గరగా ఉన్న ఆ వాటాను చూసి ‘మన నావికుడు అక్కడి అమ్మాయిని చేసుకున్నాడు’ అని కథ అల్లుకోవడం సినిమాకు బాగుంటుంది. ఓడలో వెళ్లింది మగవాళ్లేనని ఎవరు చెప్పారు?

ఆ ఎముక తేదీలో నాకు ఆశ్చర్యం కలిగించేది ఇంకొకటి ఉంది. దానికోసం హైదరాబాదు వెళ్లాలి.

2009లో హైదరాబాదు సీసీఎంబీకి చెందిన తంగరాజ్, లాల్జీ సింగ్, హార్వర్డ్ బృందంతో కలిసి 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యువులు చదివి ‘నేచర్’లో ప్రచురించారు. దేశంలోని దాదాపు అందరూ రెండు ప్రాచీన జనాల కలయికేనని అందులో తేల్చారు. ఆ రెంటికీ ఏ పేరు పెట్టాలన్న దగ్గర పెద్ద తర్జనభర్జనే జరిగింది. 2008 అక్టోబరులో హైదరాబాదులో జరిగిన ఆ చర్చలు తన వృత్తి జీవితంలోనే అత్యంత ఉద్రిక్తమైనవని రైక్ తర్వాత తన పుస్తకంలో రాసుకున్నాడు. చివరకు ‘పూర్వీక ఉత్తర భారతీయులు’, ‘పూర్వీక దక్షిణ భారతీయులు’ అన్న పేర్ల దగ్గర రాజీ కుదిరింది. ప్రయోగశాలలో కూడా పేరు పెట్టడం రాజకీయమే.

2013లో ప్రియా మూర్జని, తంగరాజ్, రైక్ తదితరులు ఈ కలయికకు తేదీలు కట్టారు. ఇప్పటికి 4,200 ఏళ్ల నుంచి 1,900 ఏళ్ల క్రితం దాకా అందరూ అందరితో కలిశారు. ఆ తర్వాత కలవడం సన్నగిల్లింది, ఎవరి పెళ్లిళ్లు వాళ్లలోనే జరగడం గట్టిపడింది. 1,900 ఏళ్ల క్రితం అంటే ఎప్పుడు? రెండో శతాబ్దం. ఇంటి దగ్గర సంబంధాల తలుపులు ఒక్కొక్కటే మూసుకుంటున్న రోజుల్లోనే, ఇదే దక్షిణాది నుంచి ఓడెక్కినవాళ్లు మెకాంగ్ ఒడ్డున అక్కడివాళ్లతో కాపురాలు చేసుకున్నారు. ఇది నా అన్వయమే, ఏ పరిశోధన పత్రంలోనూ ఈ మాట లేదు. కానీ రెండు తేదీలనూ పక్కపక్కన పెట్టుకుంటే ఇంకోలా చదవడం నాకు చేతకాలేదు.

ఈమధ్య మన కుర్రాళ్లు, ముఖ్యంగా అమెరికాలో ఉన్నవాళ్లు, గొట్టంలో ఉమ్మి పంపించి వంశం తెలుసుకుంటున్నారు. ఫలితం రాగానే వాట్సాప్ గ్రూపుల్లో ‘మనవాళ్లు ఫలానా దేశం నుంచి వచ్చారట’ అని మొదలవుతుంది. ఎవరి రక్తంలో ఉత్తరపు వాటా ఎంతో చూసుకుని మురిసిపోయేవాళ్లున్నారు. ఆ రెండు పూర్వీక జనాల వాటాలూ దాదాపు అందరిలోనూ ఉన్నాయన్న అసలు సంగతి ఆ మెసేజిల్లో ఫార్వర్డ్ కాదు.

మత్తు డాక్టరుకు చెప్పాల్సిన సంగతి

మూసుకున్న తలుపుల ఖర్చు మాత్రం రక్తంలో రాసే ఉంది. 2017లో ‘నేచర్ జెనెటిక్స్’లో వచ్చిన పరిశోధనలో సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాల్లో 2,800 మందికి పైగా జన్యువులు పరిశీలించారు. వాటిలో 81 సమూహాలు చాలా కొద్దిమంది పూర్వీకుల నుంచే పెరిగాయని తేలింది. ఈ విషయంలో ప్రపంచమంతా ఉదాహరణగా చెప్పే అష్కెనాజీ యూదులను, ఫిన్లాండ్ వాళ్లను కూడా ఇవి మించిపోయాయి. ఈ 81లో పద్నాలుగు సమూహాల్లో ఒక్కొక్కదాని జనాభా పది లక్షలు దాటింది. జనం లక్షల్లో ఉన్నా, మూలంలో గుప్పెడు మందే.

దీన్ని మేనరికంతో కలపకూడదు. మేనరికం వల్ల వచ్చే చిక్కు దగ్గరి చుట్టరికానిది. అక్క కూతుర్ని, మేనమామ కొడుకుని చేసుకోకుండా ఎక్కడో దూరపు సంబంధం తెచ్చుకుంటే అది తగ్గుతుంది. ఈ రెండో చిక్కు అలా తగ్గదు. ఆ దూరపు సంబంధం కూడా అదే గుప్పెడు మంది సంతానమే. బందరు అబ్బాయికి బళ్లారి అమ్మాయిని తెచ్చినా, కులం ఒకటైతే రెండు వైపులా అదే లోపం దాగి ఉండొచ్చు.

తెలుగునేల నుంచి దీనికి బాగా తెలిసిన ఉదాహరణ వైశ్యులది.  ఇదొక కులానికి అంటగట్టే మచ్చ కాదని ముందే చెప్పాలి. మిగతా ఎనభై సమూహాలకూ ఇలాంటివి వేరే ఏవో ఉండొచ్చు. రెండు వేల ఏళ్లకు పైబడి బయటి సంబంధాలు దాదాపు లేకుండా సాగిన వీళ్లలో బ్యుటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం ఇతరులకంటే సుమారు వంద రెట్లు ఎక్కువ. మామూలు జీవితంలో ఈ లోపం ఉన్నట్టు తెలియనే తెలియదు. అన్నం తింటారు, వ్యాపారం చేస్తారు, తొంభై ఏళ్లు బతుకుతారు. తెలిసేది ఆపరేషన్ బల్ల మీద. గొంతులో గొట్టం వేసేముందు కండరాలు సడలడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ లాంటి మందును ఒంట్లో విరగ్గొట్టేది ఈ ఎంజైమే. అది సరిగా ఉంటే కొద్ది నిమిషాల్లో మందు దిగిపోతుంది. లేకపోతే గంటల తరబడి కండరాలు కదలవు, ఊపిరి కండరాలతో సహా. అంతసేపూ వెంటిలేటరు మీద ఉంచి కనిపెట్టుకుని ఉండాలి. అలా ఉంచితే మందు దానంతటదే దిగి మనిషి లేస్తాడు. ముందే తెలియక, సదుపాయం లేని చోట ఇలా జరిగితేనే ప్రమాదం.

ఇందులో భయపడాల్సిందేమీ లేదు. ఆ ఎంజైము చురుకెంతో రక్తపరీక్షలో తెలుస్తుంది. లోపముందని తేలితే మత్తు డాక్టరు ఆ మందు జోలికి పోకుండా వేరేది వాడతారు. ఆపరేషన్ కుదిరినప్పుడు బీపీ, షుగరు, ఇంతకుముందు వాడిన మందులు అన్నీ చెప్తారు కదా, వాటితోపాటు ఇంట్లో ఎవరైనా, మేనత్తో పెదనాన్నో, ఆపరేషన్ అయ్యాక మత్తులోంచి తేరుకోవడానికి మరీ ఎక్కువసేపు పట్టిందా అన్నది పెద్దవాళ్లను అడిగి ఆ సంగతి కూడా మత్తు డాక్టరు చెవిన వేయాలి.